అత్తల బెంచీ

బళ్ళారిలో సరోజినీదేవి డాక్టరమ్మ నర్సింగ్ హోమ్‌లో కాన్పు గదికి ఎదురుగా ఒక చెక్క బెంచీ ఉంది. దాన్ని అందరూ అత్తల బెంచీ అంటారు. ఆ పేరు పెట్టిందీ, అత్తల్ని తెచ్చి దాని మీద కూర్చోబెట్టిందీ ఆయా వెంకటరామే. ఇరవై ఏడేళ్ళ నౌకరీలో ఒక్క అత్తనూ ఆమె ఆ గదిలోకి పోనిచ్చింది లేదు. బజారులో నాలుగు కొట్లున్న షావుకారు భార్య కానీ, కంప్లి వైపు నుంచి కారులో దిగిన ఆసామి భార్య కానీ, "నా కోడలి కాన్పు, నేను లేకుంటే ఎట్ల?" అని ముందుకొస్తే, వెంకటరామి తలుపుకి అడ్డంగా చెయ్యి చాపి, "ఈడ కూర్చో తల్లీ, కాఫీ తెప్పిస్తా" అనేది. ఆ చేతిని దాటిన అత్త ఇంకా పుట్టలేదు.

అటువంటి వెంకటరామి ఒక మంగళవారం పొద్దున పదింటికి ఆ బెంచీ మీద తానే కూర్చుంది. లోపల నొప్పులు పడుతున్నది ఆమె కోడలు నాగవేణి.

"కూర్చో అక్కా. నీవు పెట్టిన రూలే కదా, హౌదా కాదా?" అంది నర్సు శ్రుతి. వెంకటరామి దగ్గర పని నేర్చుకున్న పిల్ల అది. గురువు పాఠాన్ని గురువుకే అప్పజెప్పింది.

"హౌదు" అంది వెంకటరామి. ఇంకేమంటుంది?

ఆ రూలు ఊరికే పుట్టలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న పిల్ల కాన్పుకొచ్చింది. వాళ్ళత్త మంచం పక్కనే నిలబడి ఉంది. చెడ్డ మనిషేం కాదు, దేవుడికి మొక్కుకుంటూ నిలబడింది పాపం. అయినా ఆ పిల్ల అత్త ముందు అరవలేక కింది పెదవిని కొరుక్కుంది. బిడ్డ పుట్టాక చూస్తే పెదవి చిట్లి గడ్డం దాకా రక్తం కారి ఎండిపోయింది. కన్నతల్లి ముందు ఏడుస్తారు, అక్క ముందు అరుస్తారు, మొగుణ్ణి తిడతారు. అత్త ముందు మాత్రం అన్నీ మింగుతారు. ఆ మింగుడు బిడ్డకి అడ్డం పడుతుందని వెంకటరామి నమ్మకం. ఆనాటి నుంచి అత్తలు బెంచీ పాలయ్యారు.

లోపల ఒకరు తోడుండొచ్చని డాక్టరమ్మ మొదటి నుంచీ చెబుతుంది. మొగుడైనా సరే రమ్మంది. కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే వెంకటరామి కొడుకు శివరాజ్, షిఫ్టు మార్పించుకుని మరీ వచ్చాడు. ధైర్యంగానే లోపలికి పోయాడు. పది నిమిషాల్లో కళ్ళు తిరిగి గోడకు జారబడితే, శ్రుతి రెక్క పట్టుకుని బయటికి తెస్తే తల్లి సోడా తాగించాల్సి వచ్చింది. ఇప్పుడు మందులు తెచ్చే నెపంతో రోడ్డు మీద తిరుగుతున్నాడు.

ఇక నాగవేణికి ఎవరున్నారు? తల్లీ తండ్రీ ఉన్నారు, లేకేం. ఎమ్మిగనూరు దాటాక ఒక క్యాంపులో ఉన్నారు. తుంగభద్ర కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి, భూములు కొని వరి పండించుకుంటున్న రైతుల ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. తండ్రి వెంకట్రావు పంతం మనిషి. కూతురు కులం కాని శివరాజ్‌ని చేసుకున్న రోజున, ఇంట్లో ఆ పేరు పలకొద్దన్నాడు. రెండేళ్ళయింది. తల్లి సుచరిత పలకలేదు.

ఆ రెండేళ్ళూ నాగవేణి అత్తింట్లో అతిథిలా ఉంది. చెడుగా ఉందని కాదు. పొద్దున్నే లేచి ముగ్గేస్తుంది, ఆఫీసుకి పోతుంది, వచ్చి గిన్నెలు కడుగుతుంది. "తిన్నారా అండీ?" అంటుంది. "మాత్ర వేసుకున్నారా అండీ?" అంటుంది. అత్తమ్మా అని మాత్రం ఒక్కనాడూ పిలవలేదు. వెంకటరామి ఆ పిలుపు కోసం ఎంత కాచుకుందో ఎవరికీ చెప్పలేదు. వేరే వాళ్ళ బిడ్డలంతా ఆమె మెడ పట్టుకుని వేలాడిన వాళ్ళే, తన ఇంట్లో పిల్ల మాత్రం మూరెడు దూరంలో నిలబడి అండీ అంటుంది. ఆ అండీ విన్నప్పుడల్లా ఆమెకు అన్నం సయించేది కాదు.

మూడు నెలల కిందట సీమంతం చేసింది. వీధిలో ఆడవాళ్ళనందరినీ పిలిచింది, చిత్రాన్నం కలిపింది, గాజులు తెచ్చింది. నాగవేణి చేతులు చాపి వేయించుకుంటూనే వీధి తలుపు వైపు చూసింది. మొదటి గాజులు తల్లి వేయాలి. మొదటి కాన్పు తల్లి ఇంట్లో కావాలి. ఆ తలుపులోంచి ఎవరూ రాలేదు. ఆ రోజు వెంకటరామి దొడ్లోకి పోయి ముక్కు చీదుకుంది.

బెంచీ మీద కూర్చుంటే ఇవన్నీ గుర్తొచ్చాయి. తలుపు సందులోంచి లోపలి డెటాల్ వాసన వస్తోంది. ఆ వాసన ఆమెకు ఇరవై ఏడేళ్ళ అలవాటు, కానీ ఇటువైపు నుంచి పీల్చడం ఇదే మొదలు.

లోపల ఆమె చేసే పని ఏమిటంటే, వంట అడగడం. వినేవాళ్ళు నవ్వుతారు. డాక్టరమ్మా మొదట్లో నవ్వింది. నొప్పికీ నొప్పికీ మధ్య, నడుముని అరచేతి మొదలుతో రుద్దుతూ, "మీ అమ్మ చేసే వంట ఏదన్నా చెప్పు పాపా, నేనూ నేర్చుకుంటా" అంటుంది. వాళ్ళు చెబుతారు. నొప్పి రాగానే ఆపుతారు, పోగానే మళ్ళీ అందుకుంటారు. ఆపిన చోటు నుంచే అందుకుంటున్నారంటే ఇంకా టైముంది. "ఏడికి చెప్పినా?" అని అడిగారంటే దగ్గరికొచ్చింది. అసలు వంటే మరిచిపోయి "ఏం వంట?" అన్నారంటే, పరుగెత్తి డాక్టరమ్మని పిలవాలి. ఈ లెక్క తప్పడం అరుదు. ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, మర్నాడు మంచం దగ్గరకొచ్చి "మిగిలింది చెప్పు" అని పూర్తిగా చెప్పించుకోవడం ఆమెకో ఆనవాయితీ.

ఎన్ని వంటలు విందో. బజారు షావుకార్ల కోడలు పంకజాక్షి పద్నాలుగు గంటలు పులిహోర చేసింది. చింతపండు నానబెట్టేసరికే మధ్యాహ్నమయింది. వెంకటరామికే విసుగొచ్చి, "నానింది లే తల్లీ, పిండు" అంది. కుడతిని నుంచి వచ్చిన ఇంకొకామె ఒగ్గరణి మొదలుపెట్టి, బొరుగులు తడిపి పిండేలోపే కొడుకుని కనేసింది. వాడు ప్రమోద్. ఇప్పుడు మీసాలొచ్చిన మొగోడు. బస్టాండులో కనపడితే, "ఏమత్తా, ఒగ్గరణి తిందాం రా" అని పిలుస్తాడు. పుట్టేటప్పుడు తినకుండా వచ్చాడు కదా, బాకీ ఉందట.

ఇన్ని కాన్పుల్లో ఒక్కరంటే ఒక్కరూ అత్తింటి వంట చెప్పలేదు. పాతికేళ్ళు కాపురం చేసి నాలుగో కాన్పుకొచ్చిన ఆమె కూడా పుట్టింటి పొయ్యి దగ్గరికే పోయింది. ఆ నొప్పిలో మనిషి తనకు సొంతమనుకున్న ఇంటికి పోతుందని వెంకటరామి ఎరుగును. ఎరుగును కాబట్టే ఆమెకు ఇవాళ భయంగా ఉంది. నాగవేణి ఏ ఇంటికని పోతుంది?

ఈ వంట అడగడం ఆమె కనిపెట్టిందేం కాదు. అత్తింటి ఊరు దేశనూరులో ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, శివరాజ్ కడుపులో ఉన్నప్పుడు నేర్చుకుంది. అప్పటికి తల్లి పోయి పదకొండేళ్ళు. కాన్పుకి పోయేందుకు పుట్టిల్లే లేదు. నొప్పులొచ్చిన రోజు గడప మీద అత్త నిలబడి, "అరవొద్దు. వీధిలో మొగోళ్ళుండారు, పరువు పోతాది" అంటూనే ఉంది. మంత్రసాని హుసేన్‌బీ అది కాసేపు విని, లేచిపోయి ఆ ముసలమ్మ మొహం మీదే తలుపేసి గడియ పెట్టింది. వచ్చి పక్కన కూర్చుని, ఆకువక్క నములుతూ, "అరే బేటీ, మీ అమ్మ ఏం వండేది?" అని అడిగింది.

తొమ్మిదేళ్ళప్పుడు పోయిన తల్లి. మొహం కూడా సరిగ్గా జ్ఞాపకం లేదు. కానీ అడగ్గానే ముక్కుకి వాసనొచ్చింది. గురెళ్ళు. నల్లగా సన్నగా ఉండే ఆ గింజల్ని ఇనుప పెనం మీద వేయించి, రోట్లో పొడి దంచి, జొన్నరొట్టె మీద చల్లి నూనె వేసి ఇచ్చేది. వెంకటరామి అదంతా చెప్పింది. చెబుతుంటే అమ్మ పక్కన ఉన్నట్టే ఉంది. గొంతు చించుకుని అరిచింది కూడా. ఆ పొడి దంచుతూనే శివరాజ్ పుట్టాడు. హుసేన్‌బీ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే వెంకటరామికి ఆకువక్క వాసనే వస్తుంది, కళ్ళు చెమరుస్తాయి.

పన్నెండింటికి శ్రుతి బయటికొచ్చింది. మొహం బాగోలేదు.

"అక్కా, వంట అడిగినా. గోడ దిక్కు తిరిగి పండుకునింది. నోరు తెరవల్లేదు, అరవల్లేదు. నొప్పులు తగ్గిపోతాండాయి."

వెనకే డాక్టరమ్మ వచ్చింది. "బిడ్డ బానే ఉంది, వెంకటరామీ. పిల్లే బిగదీసుకుపోయింది. ఇంకో రెండు మూడు గంటలు చూస్తాను. ఆ తర్వాత కోత సంగతి ఆలోచిద్దాం."

వెంకటరామి జాకెట్టులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. అందులో సుచరిత ఫోన్ నంబరుంది. ఏడాది కిందట ఆ క్యాంపు నుంచి కాన్పుకొచ్చిన ఒకామెను అడిగి రాసి పెట్టుకుంది. ఎన్నోసార్లు తీసింది, ఎన్నోసార్లు మడిచి పెట్టింది. ఇవాళ నొక్కింది.

"ఎవరండీ?"

"నేనమ్మా, బళ్ళారి నుంచి వెంకటరామిని. శివరాజ్ వాళ్ళమ్మను."

సుచరిత ఫోన్ పెట్టేయలేదు, అంతే.

"నాగవేణికి నొప్పులమ్మా. పొద్దున్నుంచి పడతాండాది. ఏం భయం లేదు. కానీ నోరు తెరవకుండా ఉండాది. నీవు రావాల."

"ఎలా రానండీ..." అంది సుచరిత. "ఆయన నాట్లు వేయిస్తున్నారు. ఇప్పుడు నేను బస్సెక్కితే... ఈ ఇంట్లో నా బతుకు మీకు తెలీదండీ." కాసేపు ఏడ్చింది. తర్వాత, "మీరున్నారుగా. మీ చెయ్యి గురించి మా క్యాంపు ఆడాళ్ళు చెప్పుకుంటారు. మీరు దగ్గరుంటే నాకు బెంగ లేదు."

"నేనా? నేను అత్తను కదమ్మా."

"అయితే ఏమైందండీ?"

ఇరవై ఏడేళ్ళలో వెంకటరామిని ఎవరూ ఆ మాట అడగలేదు. తడబడి, "సరేలే తల్లీ. మీ ఇంట్లో ఆ పిల్ల ఇష్టంగా తినే వంట ఏదో అది చెప్పు" అంది.

"ఉలవచారండీ. పైన మీగడ వేస్తే గిన్నె నాకేది."

వెంకటరామి శ్రుతిని పిలిచి చెప్పింది. "ఉలవచారు అడుగు. వాళ్ళమ్మ చేసేది. అమ్మ జ్ఞాపకమొస్తే నోరు తెరుస్తాది." తాళంచెవి దొరికినంత నమ్మకంగా చెప్పింది. అన్ని చోట్లా ఉడికిన పప్పులు తన ఇంట్లో ఉడకొద్దూ?

శ్రుతి తలుపు ఓరగా వేసి లోపలికి పోయింది. వెంకటరామికి అన్నీ వినపడుతున్నాయి.

"అక్కా, మీ అమ్మ ఉలవచారు ఎట్ల చేస్తాదో చెప్పు."

నాగవేణి గొంతు సన్నగా వినపడింది. "అది అడక్కండి. తలుచుకుంటే ఏడుపొస్తుంది."

బెంచీ మీద వెంకటరామి నెత్తి కొట్టుకుంది. పుండు మీద కారం చల్లినట్టయింది తన తెలివి. తల్లి కావాలని అల్లాడే పిల్లకి, రాని తల్లిని గుర్తు చేయించింది. అందరికీ పనికొచ్చిన మందు ఈ పిల్లకి పనికిరాదని, కళ్ళ ముందు రెండేళ్ళు చూసిన మనిషికి తట్టలేదే. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏడువు మరి" అంటోంది శ్రుతి లోపల. "ఈ గదిలో ఏడ్చేకి అడ్డం లేదు. మా అక్క అదే చెప్తాది."

నాగవేణి ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు. వెక్కిళ్ళు పెట్టి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ ఏడ్చింది. ఒక నొప్పి వచ్చి ఆ ఏడుపుతో కలిసింది, పెద్దగా మూలిగింది. అది తగ్గాక, అలిసిపోయిన గొంతుతో, "ఏదో ఒకటి చెప్పాలంతేగా? గురెళ్ళ పొడి చెప్పనా?" అంది.

వెంకటరామి బెంచీ అంచు పట్టుకుంది.

"ముందు గింజలు చెరగాలి. ఇసక ఉంటుంది. పెనం వేడెక్కాక మంట తగ్గించాలి. చిటపటమనేదాకా..." ఆగింది. నొప్పి. శ్రుతి నడుము రుద్దుతున్న చప్పుడు. "చిటపటమనేదాకా తిప్పుతూనే ఉండాలి. దించి పేపర్ మీద పొయ్యాలి. వేడి మీద దంచితే నూనె ఊరి ముద్దయిపోతుంది. ఎండుమిరపకాయలు విడిగా వేయించాలి, కరివేపాకు, కొంచెం చింతపండు..." మళ్ళీ ఆగింది. ఈసారి కేక. "ఎక్కడిదాకా చెప్పాను?"

"చింతపండు" అంది శ్రుతి. "ఇది మీ క్యాంపు వంట కాదే. ఎవరిది?"

"మా అత్తమ్మది."

అంతే అంది. మామూలుగా, నీళ్ళడిగినంత మామూలుగా అంది. బెంచీ మీద వెంకటరామి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆదివారం పూట దంచుతారు. నేను గదిలోంచి చూస్తూ ఉంటాను. రోకలి వేసినప్పుడల్లా 'అమ్మా' అంటారు. ప్రతి పోటుకీ. అలా అంటున్నట్టు ఆవిడకే తెలీదు. నేను వింటూ ఉంటాను. నాక్కూడా అమ్మా అనాలనిపిస్తుంది, ఎవర్ని అనాలో తెలీదు..." మిగిలింది నొప్పిలో కొట్టుకుపోయింది. అది తగ్గగానే, ఊపిరి అందకుండా, "వెల్లుల్లి పొట్టుతో వేస్తారా, తీసి వేస్తారా? గుర్తు రావట్లేదు. పిలవండి ఆవిణ్ణి. అడగాలి."

శ్రుతి తలుపు తెరిచింది. "అక్కా, నిన్ను పిలుస్తాండాది."

వెంకటరామి లేచింది. గడప దగ్గర ఆమె కాళ్ళు నిలిచిపోయాయి. ఎన్నిసార్లో తాను చెయ్యి అడ్డం పెట్టిన చోటు అది. ఎందరి కళ్ళల్లో నీళ్ళు చూసీ చూడనట్టున్న చోటు. వాళ్ళలో ఎవరినైనా లోపలి పిల్ల పిలిచిందేమో, తాను అడిగిందా ఎప్పుడైనా?

"వస్తావా వెంకటరామీ, నీ కోసం కాన్పు ఆపమంటావా?" అంది లోపల్నుంచి డాక్టరమ్మ.

పోయింది. నాగవేణి జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది. చెయ్యి చాపింది. వెంకటరామి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"పొట్టుతోనే తల్లీ" అంది. "పొట్టుతోనే వెయ్యాల. అట్లయితేనే వాసన."

"అత్తమ్మా, వల్ల కావట్లేదు."

"అవుతాది. అరువు. వీధిలో ఎవురన్నా ఉండనీ, పరువూ గిరువూ గంగలో పోనీ. గట్టిగా అరువు."

నాగవేణి అరిచింది. కింద మందుల షాపు దగ్గరున్న శివరాజ్‌కి వినపడి మళ్ళీ సోడా తాగాల్సి వచ్చిందట. వెంకటరామి చేతి మీద గోళ్ళు దిగాయి. ఆ గోళ్ళ గాట్లు ఆమె తర్వాత వారం రోజులు వీధి వీధంతా తిరిగి చూపించింది. నాలుగున్నరకి ఆడపిల్ల పుట్టింది. పొడి ఇంకా దంచనే లేదు, వెల్లుల్లి దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు పది గంటలకి ఆనవాయితీ ప్రకారం వెంకటరామి మంచం దగ్గరకొచ్చి, "మిగిలింది చెప్పు" అంది. నాగవేణి బిడ్డకి పాలిస్తూ నవ్వి, "ఉప్పు ఎంత వేస్తారో మీరెప్పుడూ కొలవలేదు అత్తమ్మా" అంది. ఆ మాట మీదే గుమ్మంలో సుచరిత కనపడింది. చేతిలో పాత పేపర్లో చుట్టిన పచ్చగాజులున్నాయి. మూడు నెలలు ఆలస్యమైన గాజులు. వెంకట్రావు బండి మీద తెచ్చి గేటు దగ్గర దించాడట, తాను మాత్రం లోపలికి రాలేదు. మనవరాలు పుట్టిందని ఫోన్ రాగానే తాను చెబితే, పొద్దున్నే ఆయనే బండి తీసి ఎక్కమన్నాడని సుచరిత చెప్పింది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని గొల్లుమన్నారు. వెంకటరామి బిడ్డను ఎత్తుకుని, వాళ్ళిద్దరినీ వదిలేసి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

అత్తల బెంచీ ఇప్పటికీ అక్కడే ఉంది. దాని పేరూ మారలేదు. కానీ ఏ పిల్ల కాన్పుకొచ్చినా వెంకటరామి ముందు లోపలికి పోయి, చెవి దగ్గర వంగి, "మీ అత్త బయటుండాది. పిలవాల్నా, వద్దా?" అని అడుగుతుంది. పదిమందిలో తొమ్మిదిమంది వద్దనే అంటారు. వాళ్ళ అత్తలకి మామూలుగానే కాఫీ తెప్పిస్తుంది. ఆ పదో పిల్ల కోసమని ప్రతి ఒక్కరినీ అడుగుతుంది.